నమ్మదే అనే కంపెనీ

రిటైరైనవాళ్ళు జ్ఞాపకాలు రాసుకోవడం ఆనవాయితీ. నేనూ రిటైరయ్యాను. నా వయసు ముప్పై ఒకటి. నవ్వకండి. అందరూ ఉద్యోగం నుంచి విరమిస్తారు. నా విషయంలో ఉద్యోగమే విరమించింది. వీధి వీధీ తిరిగి, కొత్తగా లేస్తున్న సెల్ టవర్లు ఎవరివో కనుక్కోవడం నా పని. ఇప్పుడా పని ఆకాశంలో ఎగిరే కెమెరా చేస్తోంది. దాన్ని కుక్కలు తరమవు, దానికి దాహం వెయ్యదు, పైగా అది కన్నడం మాట్లాడాలని ఉబలాటపడదు. ఈ మూడోది నాకంటే దానికున్న అసలు అర్హత.

తిరుగుడు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకోసం ఇది రాస్తున్నాను. ఇందులో నీతి ఉందో లేదో నాకు తెలియదు. కనిపిస్తే ఉంచుకోండి.

మా కంపెనీ టవర్లు కట్టి ఫోన్ కంపెనీలకు అద్దెకిచ్చేది. ఒక పేటలో టవర్ వెయ్యాలంటే, అక్కడ ఇంకెవరైనా వేస్తున్నారేమో ముందు చూసుకోవాలి. ఇంకొకరు పాగా వేసేస్తే ఆ పేట మనది కాదు. ఇలా చూసి రావడానికి బెంగళూరు మొత్తానికి ఒక విభాగం ఉండేది. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోకండి. బెళ్ళందూరు ఆఫీసు రెండో అంతస్తులో నీళ్ళ క్యాను పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒకదాంట్లో మా సీనియర్, రెండోదాంట్లో ప్రొబేషన్‌లో ఉన్న నేను. ఎవరైనా నీళ్ళకి వస్తే నా కుర్చీ జరపాలి.

సీనియర్‌కి అప్పటికి యాభై ఆరేళ్ళు. వాళ్ళది బళేపేటలో గాజుల కొట్టు పెట్టుకున్న పాత తెలుగు కుటుంబం. కడప వైపు నుంచి ఎన్ని తరాల కిందట వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొట్టు అన్నదమ్ముల చేతికిచ్చి ఈయన టవర్ల వెంట పడ్డాడు. "అక్కడ టవర్ ఉండాది", "ఓనరు లోపలే ఉండాడు" అని ఆయన చెబుతుంటే, గుంటూరు నుంచి అప్పుడే దిగిన నాకు నవ్వొచ్చేది. మాది స్వచ్ఛమైన తెలుగని నాకో నమ్మకం. అందులో సగం ఇంగ్లీషని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

"సార్, మీది తెలుగా? తెలుగు వేషం కట్టిన కన్నడమా?" అన్నాను ఒకరోజు.

"కలబెరక తెలుగప్పా," అన్నాడాయన కొంచెమైనా నొచ్చుకోకుండా. "రెండూ కలిసింది, దోసె పిండి మాదిరి. పులిస్తేనే రుచి."

ఆయన పనిచేసే తీరు చూడాలి. టవర్ కాడికి పోతాడు, టవర్ వైపు చూడడు. వాచ్‌మన్‌ని ఏ ఊరని అడుగుతాడు. వానలు పడ్డాయా అంటాడు. ఇద్దరూ కాఫీ తాగుతారు. కాఫీ అయ్యేసరికి వాచ్‌మనే అన్నీ చెప్పేస్తాడు: కంపెనీ పేరు, మేస్త్రీ పేరు, మేస్త్రీ మీద తనకున్న కోపం. నాకిదంతా కాలహరణంగా ఉండేది.

"నేరుగా టవర్ ఎవరిదని అడిగితే అయిపోతుంది కదా సార్?"

"అడిగితే జవాబు వస్తాదప్పా. అడక్కుంటే నిజం వస్తాది."

ఇలాంటి మాటలు విన్నప్పుడు వెంటనే రాసుకోండి. నేను రాసుకోలేదు. వాట్సాప్‌లో స్నేహితుడికి పంపి నవ్వాను.

ఆయనది ఏడాదికోసారి కొత్త కాగితం వస్తేగానీ నిలవని ఉద్యోగం. ఆ కాగితం రావాల్సిన నెలలోనే ఆయన మోకాలు పట్టేసింది. హొసకోటె దారిలో ఒక కొత్త లేఔట్‌లో మూడు టవర్లు లేస్తున్నాయని కబురొచ్చింది. "నువ్వొక్కడివే పోయి చూసిరా అప్పా, నువ్వు రాసింది నేను చూసేదేముండాది" అని ఫారం కింద ముందే సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. నా మీద అంత నమ్మకం పెట్టిన మొదటి మనిషి ఆయన. మా ఇంట్లోవాళ్ళకి నేనంటే బాగా తెలుసు కాబట్టి వాళ్ళెప్పుడూ ఆ సాహసం చెయ్యలేదు.

వెళ్ళాను. మూడు టవర్లూ నిజమే. గేటు పక్కన బోర్డు ఉండాల్సిన చోట రెండు ఇనుప కమ్మీలు నిలబడి ఉన్నాయి. బోర్డు ఇంకా పెయింటర్ దగ్గరే ఉందట. లేఔట్‌లో అడిగితే తలొక మాట. కిరాణా కొట్టు ఆవిడ ఎవరో మంత్రిగారి బావమరిదిది అంది. నివాసుల సంఘం అధ్యక్షుడు నన్నే ఎగాదిగా చూసి, టవర్ నాదేననీ ఊరికే అడుగుతున్నట్టు నటిస్తున్నాననీ తేల్చేశాడు. ఒక రిటైర్డ్ మాస్టారు మాత్రం అది టవరే కాదు, వాతావరణ కేంద్రమన్నాడు. రేపు వాన పడుతుందా అని కూడా నన్నే అడిగాడు.

ఇక లాభం లేదని మొదటి టవర్ గేటు దగ్గరికి పోయాను. లోపల పెద్ద మీసాల వాచ్‌మన్. నేను బెంగళూరు వచ్చి ఆరు వారాలు. ఫోన్‌లో చూసి నేర్చుకున్న కన్నడం నోట్లో ఊరిపోతోంది. గొంతు సవరించుకుని అడిగాను.

"ఈ టవర్ యార్దు?"

ఎవరిది అని. వ్యాకరణం నూటికి నూరు పాళ్ళు సరిగ్గా ఉంది. అతను చటుక్కున లేచి, బూటు చప్పుడయ్యేలా సెల్యూట్ కొట్టి చెప్పాడు.

"నమ్మదే సార్!"

నా జీవితంలో అదే తొలి సెల్యూట్. నా వ్యక్తిత్వానికే కొట్టాడనుకున్నాను. మెడలో ఆఫీసు ట్యాగు తాలూకు నారింజ రంగు పట్టీ వేలాడుతోందన్న సంగతి నాకు గుర్తులేదు. రెండో టవర్ దగ్గర అదే ప్రశ్న, అదే సెల్యూట్, అదే జవాబు. మూడో టవర్ దగ్గరా అంతే. "నమ్మదే."

ఇప్పుడు మీరు నన్ను తిట్టేముందు నా పరిస్థితి ఆలోచించండి. ఈ ఊళ్ళో క్యాంటీన్ దగ్గర్నుంచి టీ కొట్టు దాకా సగం బోర్డుల మీద పేరుకు ముందు "నమ్మ" అని ఉంటుంది. అది ఇక్కడి ఇంటిపేరు లాంటిదేమో అనుకున్నాను. ఆ ఇంటిపేరుతోనే టవర్ల కంపెనీ ఒకటి పెట్టి ఉంటారు. మూడు టవర్లకీ ఒకే పేరు చెప్పారంటే ఇంకా అనుమానమేముంది? యజమాని అన్న గడిలో ఇంగ్లీషు పెద్దక్షరాలతో, ముద్దొచ్చేలా, NAMMADE అని రాశాను. సీనియర్ సంతకం ఉన్న ఫారం ఫోటో తీసి, అక్కడి నుంచే ఆఫీసుకు పంపాను. వస్తూ దారిలో ఒక కొబ్బరి బోండాం తాగాను. పని చేసినవాడికి ఆ మాత్రం ఉండాలి.

మర్నాడు ఆఫీసులో వాతావరణమే మారిపోయింది. మా మేనేజర్‌ది విజయవాడ. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా "ఇది మామూలు విషయం కాదు బాస్" అంటాడు. ఇక ఇది ఊరుకుంటాడా?

"ఎవడో కొత్త ప్లేయర్ దిగాడు బాస్! మూడు సైట్లు, ఒకే ఏరియా! మార్కెట్లో ఎవడికీ తెలీదు!"

గోడ మీద తెర దించారు. నేను రాసిన పేరు తెర నిండా వెలిగింది. చివరి నాలుగక్షరాలు చూసి ఆఫీసంతా దాన్ని "నామ్-మేడ్" అని చదివింది. కన్నడం పుట్టుకతో వచ్చిన వాళ్ళు ఆ గదిలో ఆరుగురున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కనపడగానే వాళ్ళూ నామ్-మేడ్ అనే చదివారు. నాకు ఉచ్చారణ తేడాగా అనిపించింది. పెద్దవాళ్ళు కదా, సరిగ్గానే పలుకుతుంటారని నేనూ మార్చుకున్నాను.

"జపాన్ కంపెనీలా ఉంది సార్," అన్నారొకరు.

"కాదు సార్, మేడ్ అని ఉందిగా, ఎక్కడో తయారుచేసి తెచ్చి బిగించే రకం. రెడీమేడ్ టవర్లు," అన్నారింకొకరు.

ఇంకొకాయన వాళ్ళ గురించి ముందే విన్నానన్నాడు. ఇలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. జాగ్రత్తగా చూసుకోండి, పైకొచ్చేది వాళ్ళే.

సాయంత్రానికి కబురు హైదరాబాద్ హెడ్డాఫీసుకు చేరింది. శుక్రవారం అక్కడి పై అధికారి, మేడమ్, స్వయంగా వస్తున్నారని తేలింది. నన్ను అందరూ మెచ్చుకున్నారు. నీళ్ళకు వచ్చినవాళ్ళు కుర్చీ జరపమనకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు.

బుధవారం సీనియర్ కుంటుకుంటూ వచ్చాడు. తెర మీద పేరు చూశాడు. ఫారం తెప్పించుకుని కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఏమప్పా ఇది?"

"కొత్త కంపెనీ సార్. నామ్-మేడ్."

"నీకెవరు చెప్పినారు?"

"వాచ్‌మన్. ముగ్గురూ అదే చెప్పారు. యార్దు అంటే, నమ్మదే అన్నారు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. బల్ల పట్టుకుని నవ్వాడు. కూర్చుని నవ్వాడు. నీళ్ళ క్యాను దగ్గర నిలబడ్డ వ్యక్తి ఈయనకేమైనా అయిందేమోనని గ్లాసు అందించాడు.

"అది కంపెనీ పేరు కాదప్పా! నమ్మదే అంటే మాది అని! ఎవరిదిరా అంటే, మాదే అన్నాడు వాడు. నీకెందుకు పో, అన్నట్టు!"

నాకు చెవులు వేడెక్కాయి. ఆయన ఇంకోసారి నవ్వబోయి ఆగాడు. ఫారం అడుగున తన సంతకం కనపడింది.

విషయం చెప్పగానే మేనేజర్ ముఖం తెల్లబోయింది. గది తలుపు వేశాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడగా విన్నాను.

"మేడమ్ ఫ్లైట్ బుక్ అయిపోయింది సార్. ఇప్పుడు అలాంటి కంపెనీ లేదని ఎలా చెప్పను? రిపోర్ట్ మీద సంతకం మీది. సైట్‌కి వెళ్ళకుండా సైన్ చేశానని మీరే ఒప్పేసుకోండి. కుర్రాడు కొత్తవాడు, వాడినేమంటాం? మీ రెన్యువల్ సంగతి... తర్వాత చూద్దాం."

"తర్వాత చూద్దాం" అంటే ఏమిటో మా ఆఫీసులో అందరికీ తెలుసు. నీళ్ళ క్యాను మార్చమని అడిగినా అదే అనేవారు.

బయటికొచ్చాక సీనియర్ తన కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకున్నాడు. "ఈ వయసులో నన్ను ఇంకెవరు తీసుకుంటారప్పా? మళ్ళా గాజుల కొట్లో కూచుంటే తమ్ముని కొడుకు కింద పని చేయల్ల. వాడు నాకు కంప్యూటర్ బిల్లు నేర్పిస్తాడంట," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. నేను ఒక మాటకు నవ్వలేదంటే అది రికార్డులో ఉండాల్సిన విషయం.

అసలు యజమాని ఎవరో దొరికితే కొంతైనా పరువు దక్కుతుందని గురువారం పొద్దున్నే ఇద్దరం ఆయన స్కూటర్ మీద హొసకోటె దారి పట్టాం. అదే గేటు, అవే మీసాలు. సీనియర్ పద్ధతి ప్రకారం కాఫీ అయింది, ఊరు అయింది, వానలు అయ్యాయి. అన్నీ కన్నడంలోనే. ఈసారి వాచ్‌మన్ మాత్రం నిటారుగా నిలబడి, పరీక్షకు వచ్చిన పిల్లాడిలా అడిగినదానికే జవాబు చెబుతున్నాడు. కాఫీ కూడా నిలబడే తాగాడు. చివరికి సీనియర్ అంతటివాడు తన నియమం తానే తప్పి, నేరుగా అడిగేశాడు.

"యార్దప్పా ఇదు?"

"నమ్మదే సార్!" సెల్యూట్.

"నమ్మదు అంద్రె యార్దు?" మాది అంటే ఎవరిది అని.

"నమ్మదే సార్!" మళ్ళీ సెల్యూట్.

సీనియర్ నా వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం అలా నిస్సహాయంగా చూడటం నాకు కొత్త. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు వచ్చేది ఒక్క భాషే.

"ఏందయ్యా నీ గోల! ఎవరిదంటే సరిగ్గా చెప్పవేం?"

వాచ్‌మన్ ముఖం విప్పారింది.

"మీరు తెలుగోళ్ళా సామీ? ముందే చెప్పేది లేదా! మాదీ ముళబాగిలు పక్కే, ఇంట్లో తెలుగే. మనదే సామీ ఈ టవరు! మనదే!"

ఇద్దరం ఒక్కసారిగా ఆగిపోయాం. మాది అనలేదు. మనది అన్నాడు.

"మనదంటే?" అన్నాను నెమ్మదిగా.

"మనదంటే మనదే. మీదీ, మాదీ." నా మెడలోని నారింజ పట్టీ చూపించాడు. "ఆడ సిమెంటు చూసేదానికి వచ్చే ఇంజనీరు మెళ్ళో కూడా ఇదే ఉంటాది గదా. మీ టవర్ కాడికి మీరే వచ్చి ఎవరిదని అడిగితే నేనేమనుకోవల్ల? నిద్రపోతున్నానా లేదా అని టెస్ట్ చేస్తా ఉండారనుకుంటిని. పక్క టవరోళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్తిని, ఆఫీసర్ వస్తా ఉండాడు, గట్టిగా జవాబు చెప్పండని."

నా తొలి మూడు సెల్యూట్ల చరిత్ర ఇదీ.

"నువ్వు కన్నడంలో అడిగితివి, నేను కన్నడంలో చెప్తిని," అన్నాడతను నా మీద జాలిపడి. "తెలుగులో అడిగుంటే ఆ పొద్దే మనదని చెప్పుందును గదా."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ ఆపి సీనియర్ ఒకే మాట అన్నాడు. "చూడప్పా, కన్నడంలో మాది, మనది రెండూ ఒకటే మాట. నేను పుట్టింది ఈడే. నాకూ మాదే అని వినపడింది. మనది అని తోచనే లేదు." ఆ తర్వాత కిక్ కొట్టాడు. నాలుగు సార్లు కొడితేగానీ అది కదలలేదు. లేకపోతే అదొక గంభీరమైన ఘట్టం అయ్యుండేది.

ఇంతకీ జరిగిందేమిటంటే, హెడ్డాఫీసులో కొత్తగా ఒక విభాగం పెట్టి, ఇక్కడ ఎవరికీ చెప్పకుండా సూటిగా హైదరాబాద్ నుంచే టవర్లు కట్టిస్తున్నారు. పెళ్ళి మనదే, మనకే శుభలేఖ రాలేదు. ఆ విభాగానికి పెద్ద ఎవరో తెలుసుకున్నాక మేనేజర్ రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. శుక్రవారం రాబోతున్న మేడమే.

శుక్రవారం పదకొండు గంటలకు మేడమ్ వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. ల్యాప్‌టాప్ తెరిచి అడిగారు.

"ఈ నామ్-మేడ్ ఎవరు?"

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. అలాంటి కంపెనీ లేదని చెప్పడానికి ఆయనకు చాలా వాక్యాలు పట్టాయి. మేడమ్ ఓపిగ్గా విన్నారు.

"మరి ఆ మూడు టవర్లు ఎవరివి?"

సీనియర్ మెల్లిగా, "మనవే మేడమ్," అన్నాడు. లేఔట్ పేరు చెప్పాడు. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికారు. వేలు ఆగింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నిజానికి ఏసీ పనిచెయ్యడం లేదు, అది పక్క గదిది.

"సరే," అన్నారు తల ఎత్తకుండానే. "ఈ రిపోర్ట్ తప్పు ఎవరిది? సంతకం ఎవరిది?"

మేనేజర్ సీనియర్ వైపు చూశాడు. సీనియర్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

నాలోని మనిషి మేల్కొన్నాడని ఇక్కడ రాయాలని ఉంది. అసలు సంగతి, భయంతో కాలు మడిచి దాని మీదే కూర్చోవడం వల్ల తిమ్మిరెక్కి లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగారు. లేచినవాడు ఏదో ఒకటి చెప్పకుండా కూర్చుంటే బాగుండదు. చెప్పడానికి నా దగ్గర నిజం తప్ప ఇంకేమీ సిద్ధంగా లేదు.

"నాది మేడమ్. సైట్‌కి వెళ్ళింది నేను, రాసింది నేను. భాష రాకుండా వచ్చనుకుంది కూడా నేనే. సార్ నన్ను నమ్మి ముందే సంతకం పెట్టారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే."

ప్రొబేషన్‌లో ఉన్నవాడు అలా అంటే తర్వాత ఏమవుతుందో తెలుసు. గుంటూరు బస్సు ఎన్నింటికో కూడా గుర్తొచ్చింది.

అప్పుడు సీనియర్ లేచాడు. మోకాలు పట్టేసిన మనిషి, బల్ల పట్టుకుని లేచాడు.

"నమ్మదే మేడమ్," అన్నాడు.

మేడమ్‌కి అర్థం కాలేదు. మేనేజర్ ఆత్రంగా అందుకున్నాడు. "'మాదే' అంటున్నారు మేడమ్! వాళ్ళిద్దరిదే అని ఒప్పుకుంటున్నారు!"

వారం రోజుల్లో ఆ ఒక్క కన్నడ మాట మీద నేను పండితుణ్ణయిపోయాను. ఊరుకోలేకపోయాను.

"'మనదే' అని కూడా అర్థం వస్తుంది మేడమ్."

ఆవిడ నన్ను చూశారు, మేనేజర్‌ని చూశారు, ల్యాప్‌టాప్‌లో తన విభాగం పేరు కింద వరసగా ఉన్న మూడు టవర్లను చూశారు. తర్వాత సీనియర్‌ని అడిగారు.

"రెండిట్లో ఏది?"

"కన్నడంలో రెండూ ఒకటే మేడమ్," అన్నాడాయన ఎంతో వినయంగా.

ఆవిడ ల్యాప్‌టాప్ మూసేశారు. పెదవి చివర నవ్వు కనపడింది, లేదా మాకు కావాలి కాబట్టి కనపడింది. "టీ తెప్పించండి," అన్నారు.

సోమవారం సీనియర్‌కి రెన్యువల్ కాగితం వచ్చింది. హెడ్డాఫీసు కట్టే టవర్ల జాబితా అప్పటినుంచి నెలనెలా మా బల్ల మీదికి రావడం మొదలైంది. నాకూ ఒక కాగితం వచ్చింది: ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగింపు, కారణం "స్థానిక భాషలో లోపం". ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. నా కన్నడానికి దొరికిన ఏకైక అధికారిక గుర్తింపు అది.

ఆయన ఇంకో నాలుగేళ్ళు పనిచేశాడు. కెమెరాలు వచ్చి మా బల్ల తీసేసే లోపే, అరవై నిండి మర్యాదగా వెళ్ళాడు. ఆఖరి రోజు శాలువా కప్పారు. మేనేజర్ మాట్లాడుతూ "ఇది మామూలు విషయం కాదు" అన్నాడు. కిందికి వచ్చి స్కూటర్ పక్కన నిలబడ్డాక, ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్న ప్రశ్న అడిగేశాను.

"సార్, నిజం చెప్పండి. ఆ రోజు మేడమ్ ముందు మీరన్నది మాదే అనా, మనదే అనా?"

ఆయన శాలువా మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాడు. హెల్మెట్ తగిలించుకున్నాడు. కిక్ కొట్టాడు. ఆశ్చర్యం, మొదటి దెబ్బకే స్టార్ట్ అయింది.

"నాది కలబెరక తెలుగు గదప్పా," అన్నాడు. "అంత సన్నని తేడాలు నాకేడ తెలుస్తాయి?"